గుండె బరువెక్కడం

లావు కావడానికి మన భాషలో ఒక మర్యాదైన మాట ఉంది: ఒళ్ళు చేయడం. "ఈమధ్య కాస్త ఒళ్ళు చేశావే!" అని మేనత్త అంటే అందులో సగం మెప్పు ఉంటుంది. "అయ్యో, ఇలా చిక్కిపోయావేమిటి?" అంటే అంతా సానుభూతే. కరువుకాటకాలు చూసిన జనం తయారు చేసుకున్న భాష కనుక, ఒంటి మీది కండనూ కొవ్వునూ విడదీయకుండా రెంటినీ కలిపి భాగ్యం ఖాతాలో జమకట్టింది కాబోలు.

ఇక గుండె సంగతి చూడండి. మన గుండె జారిపోతుంది, గుభేలుమంటుంది, రాయి అవుతుంది, చెరువవుతుంది, బరువెక్కుతుంది. ఇవన్నీ మనసుకు సంబంధించిన మాటలే కాని ఛాతీలో కొట్టుకునే కండరానికి సంబంధించినవి కావనుకుంటాం. అయితే స్థూలకాయుల గుండెను యంత్రాలతో చూసినవాళ్ళు చెప్పేది వింటే వీటిలో మూడు అక్షరాలా నిజమని తేలుతుంది. ఆ గుండె బరువెక్కుతుంది. గోడలు బిరుసెక్కి రాతిగుణం అబ్బుతుంది. ముదిరినప్పుడు లోపలికి రావలసిన రక్తం వెనక్కి నిలిచిపోయి ఊపిరితిత్తులలోకి నీరు దిగి నిజంగానే చెరువవుతుంది. ఈ టపాలో చెప్పదలచినది ఆ మూడింటి కథ. దానికంటే ముఖ్యంగా, కొవ్వు తాను చేసిన పనిని తానే ఎలా మరుగుపరుస్తుందో చెప్పాలని.

ఈ విషయాలు చదవవలసిన అవసరం నాకు మా చెల్లెలి వల్ల కలిగింది. ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఆమె విజయవాడలో ఉంటుంది. 2022 వేసవినాటికి ఆమె వయసు 49 ఏళ్ళు, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 94 కిలోలు. చక్కెర వ్యాధి లేదు. రక్తపోటుకు రోజుకొక మాత్ర వేసుకునేది. రెండో అంతస్తులోని ఇంటికి చేరే లోపల రెండుసార్లు ఆగి, గోడకు చెయ్యి ఆనించి, ఊపిరి కూడదీసుకునేది. రాత్రి ఒక దిండు చాలక రెండు దిండ్లు వేసుకునేది. చుట్టాలందరిదీ ఒకటే తీర్పు: "లావు కదా, ఆయాసం రాకేం చేస్తుంది!"

ఒక ఆసుపత్రిలో ఎకో తీశారు. రిపోర్టులో ఈ.ఎఫ్. 64 శాతం అని ఉంది. "గుండె బ్రహ్మాండంగా ఉందమ్మా. బరువు తగ్గించండి, అదే పోతుంది" అన్నారట. ఆమె నాకు ఫోను చేసి, "గుండె బాగుందట అన్నయ్యా. మరి నాకెందుకిలా ఉంది?" అని అడిగింది. ఆ ప్రశ్న సబబైనది. ఒక మనిషి తనకు ఊపిరి ఆడటం లేదంటూంటే, కాగితం మీది అంకె అంతా బాగుందంటోంది. ఇద్దరిలో ఒకరు పొరబడాలి. ఇటువంటప్పుడు లోకం సాధారణంగా కాగితాన్నే నమ్ముతుంది.

ముందుగా ఆ అంకె ఏమిటో చూద్దాం. ఎడమ జఠరిక నిండినప్పుడు అందులో ఉన్న రక్తంలో ఒక్క దెబ్బకు ఎంత శాతం బయటికి వెళుతుందో చెప్పేది ఈ.ఎఫ్. నూరు మిల్లీలీటర్లు నిండితే 64 బయటికి వెళ్ళడం చక్కని పనితనమే. ఎకో రిపోర్టులో అందరి కళ్ళూ మొదట వాలేది దీని మీదనే. అయితే ఇది నిష్పత్తి అని మరచిపోకూడదు. గోడలు లోపలివైపు దళసరెక్కి గది ఇరుకై, నూరుకు బదులు 80 మిల్లీలీటర్లే నిండిందనుకోండి. అందులోంచి 51 బయటికి వెళితే అదీ 64 శాతమే. ఒక్కొక్క దెబ్బకు 13 మిల్లీలీటర్లు తగ్గిపోయినా అంకె చెక్కుచెదరదు.

కమ్మరి కొలిమి దగ్గర తోలుతిత్తిని చూసినవారికి ఈ సంగతి సులువుగా బోధపడుతుంది. తిత్తికి రెండు పనులు: అదిమినప్పుడు గాలి ఊదడం, వదిలినప్పుడు గాలి పీల్చుకోవడం. తోలు మెత్తగా ఉన్నంతకాలం రెండో పని మన కంట పడదు. తోలు ఎండి బిరుసెక్కితే అదమడం మాత్రం జరుగుతూనే ఉంటుంది కాని తిత్తి విప్పారదు. విప్పారనిది నిండదు, నిండనిది ఊదలేదు. నిప్పు మందగిస్తుంది. ఈ.ఎఫ్. అనేది అదిమే చేతి బలాన్ని కొలుస్తుంది. తోలు ఎంత మెత్తగా ఉందో చెప్పదు.

నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండెలో ఒక్కొక్క ఆవృత్తం సుమారు 0.8 సెకను. అందులో ముడుచుకోవడానికి 0.3 సెకను, సడలి నిండటానికి 0.5 సెకను. అంటే గుండె ఎక్కువ కాలం గడిపేది నిండటంలోనే. మెట్లెక్కేటప్పుడు వేగం పెరిగితే కోత పడేది ముఖ్యంగా ఈ సడలిక సమయానికే. మెత్తని గుండె ఆ కొద్ది వ్యవధిలోనే గబగబా నిండిపోతుంది. బిరుసు గుండె నిండలేదు. అప్పుడు ఎడమ కర్ణికలో ఒత్తిడి పెరిగి, ఆ ఒత్తిడి వెనక్కి ఊపిరితిత్తుల దాకా పాకుతుంది. ఆయాసం పుట్టేది అక్కడ. కుర్చీలో కూర్చున్నప్పుడు కులాసాగా ఉన్న మనిషికి రెండో అంతస్తు కొండలా కనబడటానికి కారణం ఇదే.

ఇంకొక విశేషం. సడలడం అంటే ఊరికే వదిలేయడం కాదు. ముడుచుకోవడానికి కణంలోకి వచ్చిన కాల్షియంను తిరిగి దాని గదుల్లోకి తోడిపోస్తేనే కండరం సడలుతుంది. ఆ తోడిపోతకు శక్తి ఖర్చవుతుంది. విశ్రాంతికి కూడా కష్టపడవలసిన అవయవం గుండె! ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు గుండె కండరంలోని భాస్వర సమ్మేళనాలను అయస్కాంత పద్ధతిలో, కత్తి పెట్టకుండా, బయటినుంచే కొలిచారు. ఇతర జబ్బులేవీ లేని స్థూలకాయులలో సైతం గుండె శక్తినిల్వ సన్నగిల్లి ఉందని చూపారు. ఖజానా వట్టిపోతే ముందు కోత పడేది సడలికకే.

ఇంతకూ కొవ్వుకూ గుండెకూ ఈ లంకె ఎక్కడ మొదలవుతుంది? కొవ్వు మూటకట్టి పక్కన పెట్టిన సామాను కాదు, ప్రాణమున్న కణజాలం. దానికీ రక్తం కావాలి. కిలో కొవ్వుకు నిమిషానికి సుమారు 20 నుంచి 30 మిల్లీలీటర్ల చొప్పున లెక్క వేస్తే, 25 కిలోల అదనపు కొవ్వుకు అర లీటరు పైమాటే. మామూలు గుండె మొత్తం మీద తోడేది నిమిషానికి 5 లీటర్లని గుర్తుంచుకుంటే ఇది చిన్న బరువేమీ కాదు. ఒంట్లో రక్తం పరిమాణమూ పెరుగుతుంది. దీనికి రక్తపోటు తోడవుతుంది. గురక పెట్టి నిద్రలో ఊపిరి ఆగే అలవాటుంటే కుడివైపు గుండె మీదా ఒత్తిడి పడుతుంది. ఏళ్ళ తరబడి ఎక్కువ బరువు మోసిన కూలి భుజంలాగా గుండె గోడ దళసరెక్కుతుంది. పొట్టలోని కొవ్వు వెలువరించే రసాయనాలు వాపు ధోరణిని పెంచి, కండరం మధ్య నారను పెంచి, ఆ గోడను బిరుసుగా చేస్తాయి.

దీన్ని మొదట చూసినవారు చనిపోయినవారి ఛాతీ తెరిచి చూశారు. 1818లో డబ్లిన్ నగరంలో జాన్ షైన్ అనే వైద్యుడు ఒక రోగి కథ ప్రచురించాడు. అరవై ఏళ్ళవాడు, స్థూలకాయుడు, కూర్చున్న చోటి నుంచి కదలని జీవితం, భోజనప్రియత్వం. ఆఖరి రోజులలో అతని ఊపిరి కాసేపు పూర్తిగా ఆగి, మెల్లగా మొదలై, ఉధృతమై, మళ్ళీ ఆగిపోయేది. ఈనాటికీ వైద్యులు ఆ రకం శ్వాసను షైన్ పేరుతోనూ, తరవాత దాన్ని వర్ణించిన విలియం స్టోక్స్ పేరుతోనూ కలిపి పిలుస్తారు. ఆ రోగి గుండె కొవ్వుతో నిండి ఉందని షైన్ రాశాడు. 1933లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన స్మిత్, విలియస్ అనే ఇద్దరు 136 మంది స్థూలకాయుల వివరాలు ప్రచురించి, ఒంటి బరువుతోపాటు గుండె బరువూ పెరుగుతుందని చూపారు. మామూలు గుండె సుమారు 300 గ్రాములు. వాళ్ళు తూచినవాటిలో చాలా వాటికి ఆ లెక్క సరిపోలేదు. అయితే ఆ తూకానికి ఒక షరతు ఉంది: మనిషి పోవాలి.

బతికున్న గుండెను చూసే దారి స్వీడన్‌లోని లుండ్ నగరంలో తెరుచుకుంది. అక్కడి ఆసుపత్రి వైద్యుడు ఇంగే ఎడ్లర్, భౌతిక శాస్త్రజ్ఞుడు హెల్మూట్ హెర్ట్జ్. ఓడల కర్మాగారంలో ఇనుపరేకుల లోపలి పగుళ్ళను పసిగట్టడానికి వాడే అతిధ్వని పరికరమొకటి ఉందని తెలుసుకొని, దాన్ని ఎరువు తెచ్చి 1953లో మనిషి ఛాతీకి ఆనించారు. తెర మీద గుండెతోపాటు కదిలే ప్రతిధ్వని కనిపించింది. ఇవాళ మన ఊళ్ళలో ఛాతీకి చల్లని జిగురు రాసి తీసే ఎకో పరీక్షకు పూర్వీకుడు ఆ ఓడ పరికరమే. తరవాత డాప్లర్ సూత్రం చేరాక గోడలతోపాటు రక్తం వేగమూ, గోడ కదిలే వేగమూ కొలవడం సాధ్యమైంది.

ఆ వేగాలలోనే సడలిక గుట్టు ఉంది. జఠరిక సడలగానే రక్తం ఒక అలగా లోపలికి దూకుతుంది, దాన్ని ఈ అల అంటారు. చివర్లో కర్ణిక ముడుచుకొని మిగిలినదాన్ని నెడుతుంది, అది ఏ అల. పడుచు గుండెలో మొదటిది పెద్దది. అదే సమయంలో గోడ ఎంత చురుకుగా వెనక్కి జరుగుతోందో కూడా చూస్తారు. రక్తం వేగాన్ని గోడ వేగంతో భాగిస్తే వచ్చే అంకె 14 దాటితే లోపల ఒత్తిడి పెరిగిందని అనుమానించాలి. రక్తం జోరుగా వస్తోంది, గోడ మాత్రం బద్ధకంగా జరుగుతోంది అంటే, ఎవరో వెనకనుంచి బలవంతంగా నెడుతున్నారన్నమాట.

అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణవాసుల గుండెలను 1948 నుంచి వైద్యులు గమనిస్తూ వస్తున్నారు. అక్కడి ఎకో చిత్రాల ఆధారంగా 1991లో, రక్తపోటు సంగతి పక్కన పెట్టినా స్థూలకాయానికీ ఎడమ జఠరిక బరువుకూ సంబంధం ఉందని తేలింది. 2002లో సతీశ్ కెంచయ్య ప్రభృతులు అదే పట్టణానికి చెందిన 5,881 మందిని పరిశీలించి, బి.ఎమ్.ఐ. ఒక్కొక్క అంకె పెరిగినకొద్దీ గుండె వైఫల్యం ముప్పు మగవారిలో 5 శాతం, ఆడవారిలో 7 శాతం పెరుగుతుందని ప్రకటించారు.

ఇన్ని పరికరాలూ, ఇన్ని పరిశోధనలూ ఉండగా మా చెల్లెలి రిపోర్టు అంతా బాగుందని ఎందుకు చెప్పింది? కొవ్వుకు నాలుగు ముసుగులు ఉన్నాయి.

మొదటి ముసుగు ఇందాక చెప్పిన ఈ.ఎఫ్. రెండోది కొవ్వు తానే. అతిధ్వని కొవ్వు పొరలను దాటేటప్పుడు చెదిరిపోయి నీరసిస్తుంది. ఎకో తీసేవారికి పక్కటెముకల మధ్య దొరికే చిన్న సందే కిటికీ. లావైన ఛాతీలో ఆ కిటికీకి మంచు పట్టినట్లుంటుంది. ఆమె మొదటి రిపోర్టు అడుగున "కిటికీ సరిగా లేదు" అనే అర్థం వచ్చే ఒక చిన్న వాక్యం ఉంది. దాన్నెవరూ చదివి చెప్పలేదు. గుండెకు చెరుపు చేసే పదార్థమే ఆ చెరుపు కనబడకుండా తెర వేస్తుందన్నమాట!

మూడో ముసుగు కొలబద్ద. పెద్ద ఒంటికి పెద్ద గుండె ఉండటం సహజం కనుక, జఠరిక బరువును ఒంటి ఉపరితల వైశాల్యంతో భాగించి చూడటం ఆనవాయితీ. ఆ వైశాల్యంలో ఒంటి బరువు కూడా కలిసి ఉంటుంది. ఆమె రెండో ఎకోలోని కొలతలు వేసి చూడండి. గోడలు 12, 11 మిల్లీమీటర్లు (స్త్రీలలో 9 దాటకూడదు), గది వెడల్పు 44. దీన్నిబట్టి జఠరిక బరువు సుమారు 180 గ్రాములు. ఆమె ఉపరితలం 2 చదరపు మీటర్లు, భాగిస్తే 90. స్త్రీలకు 95 దాటకుండా ఉంటే సరే కనుక పరీక్ష పాసు! అదే 180ని ఎత్తును బట్టి, అంటే ఎత్తును 2.7 ఘాతానికి హెచ్చించి భాగిస్తే 55 వస్తుంది. ఆ పద్ధతిలో స్త్రీలకు హద్దు 44. ఒకే గుండె ఒక తరాజులో మామూలుది, ఇంకొక తరాజులో బరువైనది. మొదటి తరాజులో ఏం జరిగింది? కొవ్వు బరువును హారంలో వేసి, ఆ కొవ్వు వల్ల పెరిగిన గుండె బరువును మాఫీ చేశాం. ఎత్తుతో కొలవాలన్న వాదాన్ని 1992లో డి సిమోనే బృందం ముందుకు తెచ్చింది. మనిషి ఎత్తు నెయ్యి తిన్నంత మాత్రాన పెరగదు కద!

నాలుగో ముసుగు రక్తపరీక్ష. గుండె గోడ సాగినప్పుడు అది విడుదల చేసే బి.ఎన్.పి. అనే పదార్థాన్ని కొలిచి గుండె వైఫల్యాన్ని పసిగడతారు. స్థూలకాయులలో దీని మోతాదు మామూలుగానే తక్కువగా ఉంటుందని 2004లో ఫ్రామింగ్‌హామ్ పరిశోధకులే చూపారు. కాబట్టి అక్కడా అంకె అబద్ధపు అభయం ఇవ్వగలదు.

ఈ నాలుగు ముసుగులూ ఒక మనిషి మీద ఒకేసారి పడితే మిగిలేది "లావు కదా" అన్న మాట ఒక్కటే.

రెండోచోట చూసిన డాక్టరుగారు వయసులో చిన్నవాడు. ఆయన ముందు ప్రశ్నలడిగాడు. ఎన్ని మెట్ల తరవాత ఆగుతున్నారు? ఎన్ని దిండ్లు? సాయంత్రానికి పాదాలు ఉబ్బుతున్నాయా? ఆ తరవాత ఎకో తీసి, ట్రెడ్‌మిల్ మీద నడిపించి, దిగగానే మళ్ళీ తీశాడు. కూర్చున్నప్పుడు 12 ఉన్న ఆ భాగహారపు అంకె నడిచాక 17కి చేరింది. ఎడమ కర్ణిక కూడా పెరిగి ఉంది. "అమ్మా, మీ గుండె ముడుచుకోవడం బాగుంది. విప్పారడానికే మొరాయిస్తోంది" అని తేటతెల్లంగా చెప్పాడు. ఈ.ఎఫ్. బాగుండగా వచ్చే గుండె వైఫల్యం ఇది. గుండె వైఫల్యం ఉన్నవారిలో సుమారు సగం మందిది ఈ రకమే. దీన్ని అంచనా వేయడానికి 2018లో యోగేశ్ రెడ్డి తదితరులు మేయో క్లినిక్‌లో ఒక మార్కుల పట్టిక తయారు చేశారు. అందులో బి.ఎమ్.ఐ. 30 దాటితే దానికే 2 మార్కులు. స్థూలకాయం ఆయాసానికి సాకు కాదు, గుండెను అనుమానించడానికి ఒక ఆధారం అని ఆ పట్టిక భావం. మన చుట్టాల తర్కానికి ఇది సరిగ్గా తలకిందులు.

అనుమానం మిగలకుండా ఎమ్మారై కూడా తీయించారు. ఈ పద్ధతికి పునాది 1973లో పాల్ లాటర్బర్ వేశాడు. ఆయనకూ పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కూ 2003లో నోబెల్ బహుమానం వచ్చింది. అతిధ్వనికి అడ్డుపడే కొవ్వు అయస్కాంతానికి అడ్డుపడదు. అందుకని స్థూలకాయుల గుండెను చూడటానికి ఇది మేలైన సాధనం. అలాగని సుఖమైనది కాదు. సొరంగం వ్యాసం పాత యంత్రాలలో 60 సెంటీమీటర్లు, కొత్తవాటిలో 70. బొమ్మ చెదరకుండా ఉండాలంటే మాటిమాటికీ ఊపిరి బిగపట్టాలి. ఊపిరి అందడం లేదని వచ్చిన మనిషిని ఊపిరి బిగపట్టమనడం ఎంత విడ్డూరం! "గుహలో పడుకోబెట్టి డప్పులు వాయించారు అన్నయ్యా" అని ఆమె వర్ణించింది.

ఆ బొమ్మ నేనూ చూశాను. నలుపు తెలుపుల నడుమ గుండె, దాని చుట్టూ తెల్లగా, మందంగా, పేరుకున్న నేతిలాగా కొవ్వు. గుండె మీద కొంత కొవ్వు అందరికీ ఉంటుంది. అది మెత్తగానూ ఉంటుంది, ఇంధనంగానూ పనికివస్తుంది. దానికీ కండరానికీ మధ్య గోడ లేదు. రెంటికీ ఒకే రక్తనాళాలు. అందుచేత అది మితిమీరితే దాని రసాయనాలు నేరుగా కండరంలోకి ఊరతాయి. పైపెచ్చు గుండె చుట్టూ ఉన్న సంచి అంత తేలికగా సాగదు. ఆ బిగుతు చొక్కాలో కొవ్వు కూడా చోటు కోరితే గుండె విప్పారడానికి మిగిలే చోటు ఇంకా తగ్గుతుంది. అమెరికాలో వివిధ జాతులవారు 5,098 మందికి ఎమ్మారై తీసి 2010లో ప్రచురించిన పరిశోధన కూడా ఇదే మాట చెప్పింది: స్థూలకాయం పెరిగినకొద్దీ జఠరిక గోడ గదితో పోలిస్తే దళసరెక్కుతుంది, ఈ.ఎఫ్. మాత్రం మారదు.

ఇది చదివి సన్నగా ఉన్నవారు కాలు మీద కాలు వేసుకోనక్కరలేదు. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు వైద్యుల ఫోటో ఒకటి పక్కపక్కన అచ్చయింది. ఒకరు పుణేకు చెందిన యాజ్ఞిక్, ఇంకొకరు లండన్‌కు చెందిన యుడ్కిన్. ఇద్దరి బి.ఎమ్.ఐ. సరిసమానంగా 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! మనవాళ్ళ కొవ్వు తూకానికి దొరకకుండా పొట్టలో దాక్కుంటుంది. అందుకే భారతీయులకు స్థూలకాయపు గీత 30 దగ్గర కాక 25 దగ్గర గీశారు. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటరాదన్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పాత అంతర్జాతీయ గీతల ప్రకారమే ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో మూడోవంతుకు పైగా అధిక బరువువారని తేలింది. గంటల తరబడి తెర ముందు కూర్చుని తెలుగును ఉద్ధరించే మనబోటివాళ్ళం కూడా ఒక టేపు కొనుక్కోవడం మంచిది.

ఇప్పుడు అసలైన శుభవార్త. రాయి మళ్ళీ మెత్తబడుతుంది. పూర్తిగా కాకపోవచ్చు కాని, మెత్తబడుతుంది. బరువు తగ్గినవారి గుండెలను ఆక్స్‌ఫర్డ్ బృందం ముందూ వెనకా ఎమ్మారైతో చూసి 2009లో ప్రచురించింది. తిండి తగ్గించి చిక్కినవారైనా, శస్త్రచికిత్సతో చిక్కినవారైనా జఠరిక బరువు తగ్గింది, సడలిక మెరుగైంది. అరవై దాటిన స్థూలకాయులలో ఇదే రకం గుండె వైఫల్యం ఉన్నవారి మీద 2016లో వచ్చిన పరిశోధనలో మితాహారమూ వ్యాయామమూ రెండూ శ్రమ చేసే శక్తిని పెంచాయి. 2021లో ఎంపాగ్లిఫ్లోజిన్ అనే చక్కెర మందు చక్కెర లేనివారిలో కూడా ఈ జబ్బు వల్ల ఆసుపత్రి పాలయ్యే అవసరాన్ని తగ్గించిందని తేలింది. 2023లో సెమాగ్లుటైడ్ సూదిమందు వాడిన రోగులు ఏడాదిలో సగటున 13 శాతం బరువు తగ్గారు, ఆయాసం వంటి బాధలూ తగ్గాయి.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది 2024లో వచ్చిన ఒక ఎమ్మారై లెక్క. టిర్జెపటైడ్ అనే మందు ఏడాదిపాటు వాడినవారి జఠరిక బరువు, ఉత్తుత్తి మందు వాడినవారితో పోలిస్తే, 11 గ్రాములు తగ్గింది. గుండె చుట్టూ కొవ్వు 45 మిల్లీలీటర్లు తగ్గింది. పదకొండు గ్రాములంటే పాత లెక్కలో ఇంచుమించు తులం. ఒంటి మీద తులం పెరిగితే పండుగ చేసుకునే మనం, గుండెలో తులం తగ్గితే ఎంత సంబరపడాలో! ఈ సూదిమందులు 2025లో మన దేశానికీ వచ్చాయి. అందరికీ అందుబాటులో ఉండే ధర కాదు, అందరికీ సరిపడే మందూ కాదు. వైద్యుడు చెప్పకుండా వాడేవి అంతకంటే కావు.

మా చెల్లెలు సూదుల జోలికి వెళ్ళలేదు. ఎంపాగ్లిఫ్లోజిన్ రాసినప్పుడు "చక్కెర లేనిదానికి చక్కెర మాత్ర ఏమిటి?" అని డాక్టరుగారితో పోట్లాడి, ఆయన విడమరచి చెప్పాక వేసుకుంది. రాత్రి అన్నం మానలేదు, సగం చేసింది. పచ్చళ్ళు తగ్గించడానికి మాత్రం నెలలు పట్టింది. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుందని ఆమెకు తెలియక కాదు, ఆవకాయ లేని ముద్ద దిగక. కృష్ణ ఒడ్డున పొద్దున్నే నడక మొదలుపెట్టింది, మొదట పది నిమిషాలు, తరవాత నలభై. రెండేళ్ళలో 94 నుంచి 83కి వచ్చింది. నడిపించి తీసిన ఎకోలో 17 ఉన్న అంకె 13 అయింది. గోడ మందం ఒక మిల్లీమీటరు తగ్గినట్లు రాశారు కాని, కొలిచే చెయ్యి మారితే వచ్చే తేడా కూడా అంతే ఉంటుంది కనుక దానికి నేను పొంగిపోవడం లేదు. మెట్లు ఇప్పుడు ఒక్కసారి ఆగి ఎక్కుతుంది. రెండు దిండ్లలో ఒకటి మేనకోడలి గదికి వెళ్ళిపోయింది.

బి.ఎమ్.ఐ. పట్టికలో ఆమె ఇప్పటికీ స్థూలకాయే. పెళ్ళిళ్ళలో ఇప్పటికీ ఎవరో ఒకరు సలహా చెబుతారు. మొన్నొక బంధువు "లావు తగ్గితే ఆయాసం పోతుందమ్మాయ్" అనబోతే, "అది లావు కాదు పిన్నీ, గుండె జబ్బు. దానికి పేరుంది, మందుంది" అని చెప్పిందట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో కోపం లేదు. తన ఆయాసం బద్ధకమో తిండిపోతుతనమో కాదని రుజువు దొరికిన మనిషి నిశ్చింత మాత్రమే ఉంది. బొమ్మ తీయడం వల్ల కలిగిన లాభాలలో దీన్ని కూడా ఒకటిగా లెక్కవేయాలి.

మీ ఇంట్లో ఎవరైనా లావుగా ఉండి, మెట్ల మీద ఆగుతూ ఉంటే, వారి ఎకో రిపోర్టు ఒకసారి తీసి చూడండి. ఈ.ఎఫ్. దగ్గర ఆగిపోకుండా కిందికి చదవండి. గోడల మందం ఎంత, ఎడమ కర్ణిక పెరిగిందా, సడలిక గురించి ఏమైనా రాశారా, బొమ్మ స్పష్టంగా వచ్చిందని ఉందా? అర్థం కాకపోతే ఆ నాలుగు ప్రశ్నలే కాగితం మీద రాసుకొని డాక్టరుగారిని అడగండి. కూర్చున్నప్పుడు కాదు, నడిచినప్పుడు ఎలా ఉంటుందో కూడా చెప్పండి. ఆ సంగతి యంత్రం తనంతట తాను కనిపెట్టలేదు, ఎవరో ఒకరు చెప్పాలి.